రంగులూ - రాగద్వేషాలూ

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో ఒక్కొక్క రసానికి ఒక్కొక్క రంగు కేటాయించాడు. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురం వన్నె, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. ఎం.ఏ. విద్యార్థులకు నేను ఈ పట్టిక చెప్పడం, వాళ్ళు దాన్ని పరీక్షలో నాకు తిరిగి అప్పజెప్పడం ఏటా జరిగే తంతు. అయితే వల్లించడంతో సరిపెట్టుకోకుండా కాస్త నిలబడి చూస్తే ఇందులో రెండు చిక్కులు కనిపిస్తాయి. ఎరుపు రౌద్రపు రంగే అయితే పెళ్ళికూతురి నుదుటి మీదా, గడప మీదా, పేరంటపు పళ్ళెంలోనూ దానికేం పని? శ్యామమూ నీలమూ ఇరుగుపొరుగు వన్నెలే గదా, వాటిలో ఒకటి శృంగారానికీ రెండోది బీభత్సానికీ ఎట్లా దక్కినవి? రసానికొక అధిదేవత ఉన్నాడు గనుక, విష్ణువు వల్ల శృంగారానికి శ్యామమూ, రుద్రుడి వల్ల రౌద్రానికి ఎరుపూ వచ్చినవని సమాధానం చెప్పవచ్చు. అది ప్రశ్నను ఒక మెట్టు పైకి నెట్టడమే. దేవుళ్ళకు రంగులు వేసినవాళ్ళెవరు?

ఈ పాత పట్టికను చూసి నవ్వేవాళ్ళున్నారు. ఆ నవ్వు వాళ్ళకు చెల్లదు. ఇవాళ ఏ పెయింట్ల దుకాణానికైనా వెళ్ళి గోడరంగుల నమూనా పుస్తకం తెరిచి చూడండి. ఎరుపు ఉద్రేకం, నీలం ప్రశాంతి, ఆకుపచ్చ విశ్రాంతి, పసుపు ఉల్లాసం. పడకగదికి ఇది, పిల్లల గదికి అది. భరతుడి పేరు తీసేసి మనస్తత్వశాస్త్రం పేరు పెట్టారు, అంతే తేడా. రెండు పట్టికలకూ మూలమైన నమ్మకం ఒక్కటే: భావం రంగులోనే పుట్టుకతో ఉన్నదనీ, మన కన్ను దాన్ని ఊరికే అందుకుంటుందనీ. నేను ఒప్పుకోనిది ఈ నమ్మకాన్నే. నిత్యజీవితంలో ఒక రంగు మీద మనకు కలిగే ఇష్టాయిష్టాల వెనక ఆ రంగు తీసినవాడి చెమట ఉన్నది, అమ్మినవాడి లాభం ఉన్నది, ఎవరు ఏది కట్టుకోవచ్చునో శాసించినవాడి అధికారం ఉన్నది. ఎరుపు, తెలుపు, నీలం, ఈ మూడింటి చరిత్ర చూస్తే చాలు.

ముందు మాటల సాక్ష్యం తీసుకుందాం. సంస్కృతంలో రంజ్ అనే ధాతువుకు రంగు పట్టడమనీ, సంతోషించడమనీ రెండర్థాలు. రంగు, రాగం, రక్తి, అనురాగం, మనోరంజనం అన్నీ దాని పిల్లలే. విరాగి అంటే మాటవరసకు రంగు వెలిసినవాడు. ప్రజలను రంజింపజేశాడని రాజులను పొగిడిన మన ప్రబంధకవులు, ప్రజలకు రంగు పులిమాడని కూడా అన్నట్టే అయింది. ఆ మాట చాలామంది రాజుల విషయంలో నిజం కూడాను. గుడ్డ తొట్టిలో మునిగి లేచేసరికి మరొక వన్నె పట్టడం చూసిన మనిషి, మనసుకు ప్రేమ పట్టడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పుకున్నాడు. అద్దకం పాకలో పుట్టిన మాట అలంకారశాస్త్రం దాకా ఎక్కి కూర్చున్నది.

తెలుగు మాటలూ ఇట్లాంటివే. తెలుపు అంటే రంగు, తెలుపు అంటే చెప్పడం. తెల్లవారడం, తేట, తెలివి ఒక్క కుదుటివి. పచ్చ అనే ఒక్క మాట ఆకుకూ చెల్లుతుంది, పసుపుకొమ్ముకూ చెల్లుతుంది. తెలుగువాడి కంటికి ఆ తేడా తెలియక కాదు. పైరు పచ్చగా ఉండాలి, కాపురం పచ్చగా ఉండాలి అని కోరుకునే వ్యవసాయదారుడికి రెండూ ఒకే క్షేమానికి గుర్తులు. ఆ క్షేమం లేనివాడికి పచ్చదనం కూడా కడుపు మండిస్తుందనుకోండి.

దీనికొక ఆక్షేపణ ఉన్నది. బెర్లిన్, కే అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1969లో అనేక భాషలను పోల్చి, రంగుల పేర్లు ఒక క్రమంలో ఏర్పడతాయనీ, చీకటి వెలుగుల తరవాత మనుషులు మొదట పేరు పెట్టుకునేది ఎరుపుకేననీ ప్రతిపాదించారు. తరవాతివాళ్ళు ఆ క్రమాన్ని అక్కడక్కడ సవరించినా ఎరుపు పెద్దరికం పోలేదు. నెత్తురు ఎర్రన, నిప్పు ఎర్రన, మాగిన పండు ఎర్రన. అంతవరకు ప్రకృతి పనే, కాదనను. కాని నెత్తురు పురిటిలోనూ ఉన్నది, హత్యలోనూ ఉన్నది. నిప్పు పొయ్యిలోనూ ఉన్నది, చితిలోనూ ఉన్నది. ప్రకృతి మన కన్ను ఎరుపు దగ్గర ఆగేట్టు చేసింది. ఆగిన కన్ను మురిసిపోవాలో జడుసుకోవాలో నేర్పింది సంఘం. ఎర్రగుడ్డ చూస్తే ఎద్దు రెచ్చిపోతుందని లోకం అంటుంది. ఎద్దు కంటికి ఎరుపుకూ ఆకుపచ్చకూ భేదం సరిగా తెలియదు, దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ ఆడించడం. మన కోపతాపాలు పాపం పశువులకు కూడా అంటగట్టాం.

మన తీరాంధ్రపు ఎరుపు ఒకప్పుడు ఇసుకలోంచి వచ్చేది. చిరివేరు అనే చిన్న మొక్క సముద్రపుటొడ్డు ఇసుక నేలల్లో పెరుగుతుంది; దాని సన్నటి వేళ్ళలో ఉన్నది రంగు. ఆ వేళ్ళను తవ్వి, ఎండబెట్టి, దంచి నీళ్ళలో ఉడకబెట్టేవారు. మచిలీపట్నం అద్దకపు బట్టలను లోకానికి చాటింది ఈ ఎరుపే. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ఆ రేవుకు వచ్చేనాటికి డచ్చివాళ్ళు అప్పటికే అక్కడ దిగి ఉన్నారు. గోలకొండ సుల్తానుల రేవు అది. తూర్పుదీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్ళకు ఇవ్వవలసిన మంచి సరుకు ఈ తీరపు బట్టే. వెండి ఇక్కడికి తెచ్చి, బట్ట కొని, బట్టతో దినుసులు కొని ఐరోపాకు చేర్చడం వాళ్ళ వ్యాపారం. ఎన్నిసార్లు ఉతికినా వెలవని రంగును చూసి విదేశీ వర్తకులు విస్తుపోయారు. వాళ్ళ దేశాల్లో అప్పటికి నూలుబట్టకు అట్లాంటి రంగు పట్టించడం తెలియదు.

ఆ పని ఎట్లాంటిదో తెలిస్తే గాని ఆ ఎరుపు విలువ తెలియదు. కోరాబట్టను ముందు కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండవేస్తారు. పాలలోని జిడ్డు వల్ల గీత గుడ్డలో పాకిపోకుండా నిలుస్తుంది. ఇనపముక్కలూ బెల్లమూ కుండలో వారాల తరబడి ఊరబెట్టిన నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితే నలుపు. ఎరుపు ఎక్కడ రావాలో అక్కడ పటికనీళ్ళు అద్దుతారు. పటికకు దాని రంగంటూ లేదు. పనివాడు అద్దిన ఎరుపు ఆ క్షణాన వాడి కంటికి కూడా కనిపించదు. ఆ తరవాత బట్టను పారే నీళ్ళలో జాడించి, చిరివేరు కషాయంలో వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోట ఎరుపు పట్టుకుంటుంది, లేనిచోట నీళ్ళతో పోతుంది. పిదప పేడనీళ్ళలో ముంచడం, ఇసుకమీద పరచి నీళ్ళు చల్లుతూ ఎండకు తెల్లబరచడం. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనంతో కప్పి నీలితొట్టిలో ముంచాలి. శ్రీకాళహస్తిలో ఈ పనిని వెదురుకలంతో చేస్తారు, మచిలీపట్నం, పెడన ప్రాంతంలో కొయ్య అచ్చులతో అద్దుతారు. వెనక చాలాకాలం పారశీక దేశమే మచిలీపట్నం సరుకుకు పెద్ద గిరాకీదారు. కలంకారి అనే పేరు పారశీకుల మాట. మనవాళ్ళు అద్దకమనీ, వ్రాతపని అనీ అన్నారు. కొనేవాడు పెట్టిన పేరు నిలిచింది. సామాన్యంగా జరిగేది అదే.

ఈ బట్టలు ఐరోపా ఇళ్ళలో చేసిన అలజడి చిన్నది కాదు. అక్కడి కూలివాడి భార్య దాకా పువ్వుల బట్ట కోరడం మొదలుపెట్టింది. ఉన్నిబట్ట, పట్టుబట్ట నేసేవాళ్ళ పొట్ట కొట్టినట్టయింది. ఫ్రాన్సు 1686లో ఈ రంగుబట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, అది చాలక 1721లో మరొక చట్టం చేసింది. రెండో చట్టానికి ముందు, 1719లో, లండను సాలెవాళ్ళు వీధుల్లో గుంపులు కట్టి అద్దకపు గౌను తొడుక్కున్న ఆడవాళ్ళను తరిమి, ఒంటిమీద బట్టలు చించారు, సిరా చల్లారు. ఒకే ఎరుపు. కట్టుకున్న ఆవిడకు ముచ్చట, మగ్గం ముందు పస్తున్నవాడికి మంట. ఆ మగవాళ్ళు ఆడవాళ్ళ మీద పడడాన్ని నేను సమర్థించడం లేదు, వాళ్ళ ఆకలి అబద్ధమని కూడా అనలేను. పెయింటు దుకాణపు పట్టికలో ఈ రెండు భావాలకు చోటెక్కడ?

ఎరుపు రహస్యం పట్టుకుపోయినవాళ్ళలో ఒకాయన తెలుగు చదువుకున్నవాడికి కాస్త దగ్గరివాడే. కోర్దూ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదరీ, సంస్కృతానికీ లాటిను, గ్రీకు భాషలకూ ఉన్న చుట్టరికాన్ని విలియం జోన్సుకన్న ముందే గుర్తించినవాడు, 1742లో అద్దకపు పద్ధతినంతా వివరిస్తూ తన దేశానికి ఉత్తరం రాశాడు. క్రైస్తవంలో కలిసిన అద్దకపువాళ్ళు ఆయనకు ఆ వివరాలు చెప్పారు. ఆ ఉత్తరం అచ్చయింది. 1759లో ఫ్రాన్సు నిషేధం ఎత్తివేసిన మరుసటి ఏడే వెర్సాయి దగ్గర జూయీలో ఓబర్‌కాంప్ అద్దకపు కార్ఖానా పెట్టాడు. భాషాశాస్త్ర చరిత్రలో కోర్దూను తలుచుకునే మనం ఆ రహస్యం చెప్పిన అద్దకపువాళ్ళ పేర్లు తలుచుకోలేము, ఎవరూ రాసిపెట్టలేదు.

చిరివేరును అసలు దెబ్బ తీసింది జర్మన్ రసాయనశాస్త్రం. ఆ వేరులోనూ, ఐరోపా మంజిష్ఠలోనూ ఉన్న ఎర్రని పదార్థం ఒకటే, అలిజరిన్. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ దాన్ని తారు నుంచి లభించే పదార్థంతో తయారు చేశారు. 1869 నుంచీ కార్ఖానాలు అందుకున్నవి. కొద్దికాలంలోనే మన ఊళ్ళలో చిరివేరు తవ్వేవాళ్ళకు పని పోయింది. మన విమర్శకులు సాధారణంగా ఇక్కడ ఆగి కన్నీరు కారుస్తారు. నేను ఇంకో అడుగు వేయమంటాను. అన్ని ఉడుకులు ఉడికి, అన్ని ఎండలు ఎండిన పాత ఎరుపును పొలం కూలికి పోయే ఆడది ఎప్పుడైనా ఒంటినిండా కట్టిందా? మిల్లు గుడ్డా కార్ఖానా రంగూ వచ్చిన తరవాతనే పక్కా ఎరుపు సంతలో ఆమె చేతికందింది. చిరివేరు కూలి నోటి దగ్గర కూడు తీసిన రసాయనమే ఆమెకు పండగచీర ఇచ్చింది. ఈ రెండింటిలో ఒకదాన్నే చెప్పే చరిత్ర సగం చరిత్ర. పెడనలో ఇవాళ అద్దే ఎరుపులో కూడా ఎక్కువభాగం అలిజరినే. అది నకిలీ అని ముక్కు విరిచే కళాభిమానులు అక్కడి తొట్ల దగ్గర ఒక్క వేసవి పూట నిలబడి చూడాలి.

ఇక తెలుపు. శుద్ధి, శాంతి అంటారు. 1861లో భర్త పోయిన విక్టోరియా రాణి 1901లో తాను పోయేదాకా నలుపే ధరించింది, అక్కడ వైధవ్యం నలుపు. ఇక్కడ తెలుపు. కాని మన పెళ్ళిపీటల మీద కట్టబెట్టే మధుపర్కాలు తెల్లవి కావూ? కేరళలో పండగబట్ట తెల్లది కాదూ? తెలుపులో దుఃఖం లేదు. పసుపు, కుంకుమ, రంగుచీర ఒక మనిషి నుంచి లాక్కుని, మిగిలినదాన్ని ఆమెకు చుట్టబెట్టడంలో ఉన్నది. వితంతు వివాహాలకు చట్టం 1856లో వచ్చింది. పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు కనిపెట్టింది కూడా ఆ సంవత్సరమే. రసాయనం వేగంగా వచ్చింది, చట్టం నెమ్మదిగా. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించేనాటికి ఐరోపాలో తారురంగుల వ్యాపారం కోట్లలోకి వెళ్ళిపోయింది.

మా మేనత్త ఇరవైయారో ఏట భర్తను పోగొట్టుకుంది. జుట్టు తీసే ఆచారం అప్పటికి పోయింది గాని రంగులు తీసే ఆచారం పోలేదు. ఆమెకు అరవై దాటిన తరవాత మా నాన్న ఒక సంక్రాంతికి లేతనీలం చీర తెచ్చి ఇచ్చాడు.

"ఈ వయసులో నాకు రంగులెందుకురా తమ్ముడూ?" అన్నది.

"లేతరంగేనక్కా. ఇంట్లోనే కట్టుకో."

కట్టుకుని, గంటలో విప్పేసింది. ఒంటిమీద ఎవరో చేయి వేసినట్టున్నదని మా అమ్మతో అన్నదట. ఆ నీలం ఆమెకు ప్రశాంతి ఇవ్వలేదు, సిగ్గు ఇచ్చింది. చాలా నెలల తరవాత, ముందు పెరట్లో, తరవాత పక్కింటిదాకా, ఆపైన బస్సెక్కి మా ఊరు వచ్చేదాకా ఆ చీర ఆమెకు అలవాటైంది. బొట్టు మాత్రం పెట్టుకోలేదు. రంగు మారలేదు, చీర మారలేదు. మారింది ఆమెను చూసే ఇరుగుపొరుగు కళ్ళు, వాటికి ఆమె ఇచ్చే విలువ. సౌందర్యశాస్త్రంలో దీనికి పేరేమిటో నాకు తెలియదు.

నీలం కథ అన్నిటికన్న చేదు. మనుస్మృతి పదవ అధ్యాయంలో బ్రాహ్మణుడు అమ్మకూడని సరుకుల జాబితా ఉన్నది. అందులో మద్యం, లక్కతోబాటు నీలి ఉన్నది. ఆపస్తంబుడి పేరుతో చలామణి అయ్యే శ్లోకస్మృతి నీలిబట్ట కట్టుకుని చేసిన స్నానం, దానం, జపం వ్యర్థమన్నది. నీలమేఘశ్యాముణ్ణి కొలిచే సంస్కృతి నీలిబట్టను మైల అన్నది. ఎందుకని? నాకు తోచే కారణం తొట్టి. ఆకును నీళ్ళలో పులియబెట్టి, ఆ పసరును కర్రలతో గంటల తరబడి చిలికితే గాలి తగిలి నీలం అడుగున పేరుతుంది. ఆ కంపు ఊరిబయటిదాకా వస్తుంది. నడుములోతు పసరులో నిలబడి చిలికేవాడి ఒళ్ళు నీలమవుతుంది. బీభత్సానికి నీలమన్న భరతుడి పట్టికకూ ఈ తొట్టికీ సంబంధం ఉన్నదని రుజువు చేయలేను, లేదని మాత్రం నమ్మలేను. శ్యామం దేవుడి ఒంటిరంగు, నీలం పనివాడి ఒంటిరంగు. వర్ణమంటే రంగనీ కులమనీ ఒకే మాటకు రెండర్థాలున్న దేశంలో ఇందులో ఆశ్చర్యమేమున్నది? తెలుగులో అబద్ధపు కబురు నీలివార్త, చేయని తప్పు మీద పడితే నీలాపనింద.

మైల అన్న ఆ సరుకే పంతొమ్మిదో శతాబ్దంలో లండను బజారుకు ముద్దయింది. కడప సీమలో తీసిన నీలిని అక్కడ కర్పా అనే పేరుతో అమ్మేవారు. కడపకే వచ్చిన నోటి వంకర అది. బెంగాలులో తెల్లదొరలు బయానాలిచ్చి, కొట్టి, రైతుల చేత బలవంతాన నీలి వేయించారు. 1859-60లో రైతులు తిరగబడ్డారు, 1860లో దీనబంధు మిత్ర నీల్‌దర్పణ్ నాటకం రాశాడు. 1917లో గాంధీ చంపారన్ వెళ్ళింది ఈ పంట పెట్టిన బాధకే. అప్పటికి జర్మన్లు 1897లో బజారుకు తెచ్చిన కృత్రిమ నీలి తొట్లను చాలావరకు ఎండబెట్టేసింది. లండను గుమస్తా కోటు మీద అది మర్యాద, కడప తొట్టిలో అది మైల, చంపారన్ పొలంలో అది శాపం.

ఇంత మోసిన రంగుకు ఇంకొక అర్థం రాసినవాళ్ళున్నారు, వాళ్ళు అలంకారికులు కారు. అంబేడ్కర్ 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండాకు నీలం ఎంచుకున్నారు. ఆకాశం అందరిదీ గనుక నీలమని ఒక వ్యాఖ్యానం చెబుతారు. ఇట్లాంటి వ్యాఖ్యానాలు తరవాత పుడతాయి, ముందు జెండా ఎగరాలి. తెలుగునాట ఈ నీలం ఊరూరా నిలిచింది ఎప్పుడంటే నేను 1985 తరవాత అంటాను. ఆ ఏడు జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఊరు విడిచి వచ్చినవాళ్ళు చీరాలలో శిబిరం వేసుకున్నారు. నూనె పట్టించిన నూలుకు అలిజరిన్ ఎరుపూ నలుపూ ఎక్కించి తేలియా రుమాళ్ళు నేసి అరబ్బు దేశాలకు పంపిన చీరాల అది. అక్కడినుంచి దళిత మహాసభ లేచింది. ఆ తరవాతి ఏళ్ళలో వాడ మొగలో, కూడలిలో, చెరువుగట్టున అంబేడ్కర్ విగ్రహాలు వెలిసినవి. చేతిలో పుస్తకం, ఎత్తిన వేలు, నీలం కోటు. బతికున్న మనిషి ఎన్నో రంగుల కోట్లు వేసుకునే ఉంటాడు, విగ్రహానికి మాత్రం నీలమే. శిల్పదృష్టితో చూసి ఆ విగ్రహాలు మోటుగా ఉన్నవనీ, కోటు రంగు కంటికి కొడుతుందనీ నాతో అన్న పండితులున్నారు. కొట్టాలనే వేశారు. ఒంటికంటిన నీలాన్ని దాచుకోవలసివచ్చిన తొట్టి కూలీల దేశంలో, అదే రంగు కోటును నడిబజారులో నిలబెట్టుకోవడంలోని సంతోషం ఆ పండితుల కంటికి ఆనదు. దానికి వేరే చదువు కావాలి. కోటు తెగులు పట్టినట్టు కనిపిస్తే, ఎవరైనా దాని మీద పేడ చల్లితే, వాడ వాడంతా రోడ్డు మీదికి వచ్చిన సందర్భాలు మనకు తెలుసు.

సిమెంటు విగ్రహానికి వేసేది డబ్బా పెయింటు. మన ఎండకు రెండేళ్ళలో వెలిసిపోతుంది. ఏప్రిల్ 14 దగ్గరపడుతుండగా వాడలో ఇంటింటా చందా వేసుకుని, సున్నాలు వేసే కుర్రవాణ్ణి నిచ్చెన ఎక్కించి, కోటుకు మళ్ళీ నీలం వేయిస్తారు.